ఒకటే జనం

"అబ్బ, ఒకటే జనం."

శనివారం సాయంత్రం రెండు సంచులూ వంటగది గట్టు మీద దించి, భుజం నొక్కుకుంటూ ఈ మాట అనడం కళ్లజోడమ్మకు ఏళ్లనాటి అలవాటు. గుమ్మంలో చెప్పులు విడిచినంత సులువుగా ఆ మాట నోట్లోంచి వచ్చేస్తుంది. ఇంట్లోవాళ్లకు వినడమూ అలవాటే. అత్తగారు టీవీ చప్పుడు కాస్త తగ్గించి "అయ్యో" అంటారు. కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండానే "పాపం అమ్మ" అంటుంది. భర్త సంచుల్లోకి తొంగిచూసి "అరటిపళ్లు తెచ్చావా?" అంటాడు. అంతటితో ఆ ముచ్చట ముగిసి సరుకులు డబ్బాల్లోకీ, ఆమె వంటలోకీ వెళ్లిపోతారు. కానీ ఆ శనివారం భర్త సంచుల్లోకి చూడలేదు. ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లూ తానెంత అన్యాయం చేశాడో ఆ క్షణానే తెలిసొచ్చినవాడిలా గొంతు తగ్గించాడు.

"ఇక నువ్వు బజారుకు వెళ్లక్కర్లేదు. అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించేద్దాం."

కళ్లజోడమ్మ గుండెలో రాయి పడింది.

ఇంత మంచి మాట చెవినబడితే ఎవరైనా ఎగిరి గంతేస్తారు, ఈవిడకేమొచ్చిందని అనుకోవచ్చు. ముందు ఈవిడ సంగతి కొంచెం చెప్పాలి. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది కాబట్టి వీధిలో అందరూ ఆమెను కళ్లజోడమ్మ అంటారు. తమాషా ఏమిటంటే ఆమెకు కళ్లజోడు లేదు, చూపు కత్తిలా ఉంటుంది. దుకాణంలో ముందుగది యజమానిది, అక్కడ ఫ్రేములమ్ముతారు. వెనకగది ఈమెది. గోడకు అక్షరాల బోర్డు, దానికెదురుగా ఒక ఎత్తు కుర్చీ. వచ్చినవాళ్లను అందులో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఉత్త ఫ్రేము తగిలించి, అందులో ఒక్కో అద్దమే మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడమే ఆమె ఉద్యోగం. పొద్దున్నుంచీ అదే ప్రశ్న. చంటిపిల్లల్ని అడిగినట్టు ఓపిగ్గా, వాళ్లు తేల్చుకునేదాకా అడుగుతుంది. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న ఆమెను అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఇంట్లో ఆమెను అడిగేవన్నీ వేరే ప్రశ్నలు. నా మేజోళ్లేవి, నా మందుబిళ్లలేవి, నా జామెట్రీ బాక్సేది. ఏ వస్తువు ఏ మూల ఉందో ఆ ఇంట్లో ఆమెకొక్కర్తికే తెలుసు, ఆ తెలియడమే ఆమె కొంప ముంచింది. స్నానానికి వెళ్లినా తలుపు అవతలి నుంచి ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు.

ఇక బజారు సంగతి. అసలు నిజం ఏమిటంటే, బజారులో జనం ఉండరు. జనమంతా ఆదివారం పొద్దున వస్తారు. శనివారం సాయంత్రం ఆ వీధి పల్చగా ఉంటుంది, దుకాణాలవాళ్లు స్టూళ్ల మీద కూర్చుని ఆవలిస్తూ ఉంటారు. కళ్లజోడమ్మ గాలిలా వెళ్లి కూరగాయలు, పప్పులు, సబ్బులు, పళ్లు చకచకా ముగించేస్తుంది. ఏ కొట్లో ఏం దొరుకుతుందో, ఎవరి దగ్గర టమాటాలు ఏరుకోనిస్తారో ఆమెకు కంఠతా వచ్చు. తర్వాత అసలు పని. కూరగాయల వరస వెనక, రేకు కప్పు కింద ఒక టీ కొట్టుంది. గోడవారగా నాలుగు ప్లాస్టిక్ కుర్చీలుంటాయి. చివరి కుర్చీకి ఒక చెయ్యి విరిగింది, అది ఆమెది. సంచులు గోడకానించి, ఫోనును బంగాళాదుంపల అడుగున దాచి, చెప్పుల్లోంచి పాదాలు తీసి నేల మీద పెట్టుకుని కూర్చుంటుంది. కొట్టు నడిపే టీ అక్క మహా మితభాషి. గ్లాసు చేతికిస్తుంది, గ్లాసు తీసుకుంటుంది, ఎవరమ్మా నువ్వు, మీవాళ్లేం చేస్తారు అని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే కళ్లజోడమ్మకు ఆ మనిషంటే ప్రాణం.

అదెలా మొదలైందంటే, చాలా ఏళ్ల కిందట ఒకసారి ఉన్నట్టుండి వాన పట్టుకుంది. తడవకుండా ఆ రేకు కిందికి పరుగెత్తింది. కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చుంది. వాన వెలిసింది, వీధిలో మనుషులు మళ్లీ నడవడం మొదలెట్టారు, ఆమె మాత్రం లేవలేదు. లేవాలని తోచలేదు. ఇంటికి వెళ్తే "ఇంత ఆలస్యమేం?" అని భర్త అడిగాడు. ఊరికే కూర్చున్నాను అని చెప్పడానికి నోరు రాలేదు. ఊరికే కూర్చునే ఆడమనిషిని ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండలేదు, ఆమె కూడా చూడలేదు. "అబ్బ, ఒకటే జనం" అనేసింది. ఎవరూ మారు ప్రశ్న వెయ్యలేదు. ఆ తర్వాతి శనివారం వాన రాలేదు, అయినా వెళ్లి కూర్చుంది. అక్కడ ఏం చేస్తుందంటే చెప్పడానికేమీ లేదు. టీ తాగుతుంది, వేయించిన వేరుసెనగలు నాలుగు నోట్లో వేసుకుంటుంది, దారినపోయేవాళ్ల నడక చూసి ఎవరికి చెప్పులు కరుస్తున్నాయో పోల్చుకుంటుంది. ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా తనలో తాను నవ్వుకుంటుంది. వారమంతా అందరి చేతుల్లో నలిగిన ఒళ్లు అక్కడ మళ్లీ తనదవుతుంది.

అబద్ధమన్నాక దానికి ఉప్పూ కారమూ తగిలించాలి కదా. ఏళ్లు గడిచేకొద్దీ ఆమె జనాన్ని పెంచుతూ పోయింది. ఒకవారం ఎవరో మోచేత్తో పొడిచారంది. ఒకవారం బిల్లు కౌంటరు దగ్గర క్యూ వీధి మలుపు దాకా ఉందంది. ఇంకోవారం తొక్కిసలాటలో టమాటాలు జారి చితికిపోయాయంది, నిజానికవి వేరుసెనగల ధ్యాసలో చూసుకోకుండా ఆమే మీద కూర్చుని చిదిపేసిన టమాటాలు. ఇంత కష్టం విన్నాక ఏ భర్తకు మాత్రం జాలి పుట్టదు? తన గోతిని తానే తవ్వుకోవడమంటే ఇదే కాబోలని ఆ రాత్రి పప్పు ఉడుకుతుంటే అనుకుంది కళ్లజోడమ్మ.

భర్త ఒక ఫ్యాక్టరీ కొనుగోళ్ల విభాగంలో ఉంటాడు. మూడు కొటేషన్లు లేనిదే గుండుసూది కూడా కొనడు. ఏ నిర్ణయమైనా లాభనష్టాలు బేరీజు వెయ్యకుండా తీసుకోకూడదని అతని నమ్మకం. కాబట్టి ఆదివారం పొద్దున కాఫీలవగానే అందరినీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అందరినీ అంటే, కళ్లజోడమ్మ స్టవ్ దగ్గర నిలబడే ఉంది. కుడిచేతి వేళ్లు లాభాలు, ఎడమచేతి వేళ్లు నష్టాలు అని ప్రకటించి మొదలెట్టాడు.

కుడిచెయ్యి చకచకా నిండింది. బరువులు మొయ్యక్కర్లేదు, ఒక వేలు. ఆ జనంలో నలగక్కర్లేదు, రెండో వేలు. ఎండావానా బాధలేదు. ఆఫర్లుంటాయి. మూడో అంతస్తు దాకా బియ్యం బస్తా దానంతటదే నడిచొస్తుంది. అని బొటనవేలు కూడా ముడిచేశాడు. ఎడమచేతికి అత్తగారు సాయం పట్టారు. వంకాయ తొడిమ పట్టి చూడకుండా, బెండకాయ కొన విరిచి చూడకుండా కొనే కూరా ఒక కూరేనా అన్నారు. ఒక వేలు. ఇంటి నిండా ప్లాస్టిక్ సంచులు పేరుకుపోతాయంది కూతురు. పదిహేనేళ్లకే అన్నింటికీ వాదన పెట్టుకునే ఆ పిల్లను ఇంట్లో లాయరమ్మ అంటారు. ఆ సరుకులు మోసేవాళ్లకు మాత్రం భుజాలుండవా అని కూడా అడిగింది. రెండింటికీ కలిపి రెండో వేలు. మూడోది ఎవరికీ తోచలేదు. భర్త ఆ చేతిని గాలిలో అలాగే ఉంచి భార్యవైపు తిరిగాడు.

"నువ్వేమంటావు?"

ఇన్నాళ్లకు అడిగారు. అడిగేసరికి ఏం చెప్పాలో తెలియలేదు. మూడో వేలు మీద ఏముందో ఆమెకు తెలుసు. కానీ విరిగిన కుర్చీ అని ఎలా చెప్పడం? జనం లేరని ఎలా చెప్పడం? "మీ ఇష్టం" అంది, స్టవ్ మంట తగ్గిస్తూ. "నా ఇష్టమేముంది, సుఖపడేది నువ్వే కదా" అని భర్త నిండుగా నవ్వాడు. అప్పుడే ఇంకో ముచ్చట జరిగింది. మిగిలిపోయే ఆ శనివారం సాయంత్రాన్ని ఏం చెయ్యాలన్న చర్చ వచ్చింది. వేడివేడిగా ఏదైనా చేసుకుని తినొచ్చని భర్త అన్నాడు. అల్మరాలు సర్ది ఎన్నాళ్లయిందోనని అత్తగారు గుర్తుచేశారు. తన సైన్సు రికార్డులో బొమ్మలు గియ్యడానికి అమ్మ కుదురుతుందని లాయరమ్మ సంబరపడింది. పుట్టినరోజు కేకును ముక్కలు కోసి పంచుకున్నట్టు ఆమె కళ్లముందే ఆ సాయంత్రాన్ని పంచుకున్నారు. కేకు ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. పైగా అంతా ఆమె మేలు కోరేవాళ్లే, అదింకా చిక్కు.

అలా యాప్ వచ్చింది. ఎవరి ఫోన్‌లోకి వచ్చిందని వేరే చెప్పాలా? "ఇంట్లో ఏముందో ఏం లేదో నీకే కదా తెలుసు" అన్నాడు భర్త, ఆమె ఫోన్‌లో తానే స్వయంగా దింపిపెట్టి. అబద్ధమెందుకు, సుఖం లేకపోలేదు. బియ్యం బస్తా నిజంగానే గుమ్మం ముందుకొచ్చి కూర్చుంది. నూనె డబ్బాలు మోసి మోసి సలుపుపెట్టే కుడిభుజం రెండు వారాల్లో తేలికపడింది. ఆ మేరకు ఆ యాప్‌కు ఆమె మనసులో దణ్ణం కూడా పెట్టుకుంది. కానీ ఇంతకుముందు సరుకుల గొడవ శనివారానికే ఉండేది. ఇప్పుడది వారమంతా పాకింది. పళ్లు తోముకుంటూ భర్త "పేస్టు పెట్టెయ్" అంటాడు. నిద్రలోకి జారుకుంటుంటే లాయరమ్మ "అమ్మా, గమ్ము" అంటుంది. ఎవరికేది తోచినా గాల్లోకి ఒక కేక వేస్తే చాలు, అది ఆమె ఫోన్‌లోకి ఎక్కాలి. అడిగినది లేదు, దానికి బదులు ఇంకోటి పంపమంటారా అని ఆ ఫోనూ అడుగుతుంది. మెత్తబడ్డ టమాటాకు నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసి పంపాలి. ముదిరిన బెండకాయ వస్తే అత్తగారు ఆమెవైపే చూస్తారు, ఆ కాయల్ని కళ్లజోడమ్మే ఏరి తెచ్చినట్టు.

దుకాణంలో అయితే ఒకరోజు పెద్ద ప్రహసనమే నడిచింది. ఒక పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్రేము తగిలించి, బోర్డు చదవమంది. ఆయన శ్రద్ధగా చదువుతుండగా ఇంటి నుంచి ఫోన్. సరుకులు గుమ్మంలోకొచ్చాయి, ఓటీపీ చెబితేగాని ఇవ్వరట, ఆ ఓటీపీ ఆమె ఫోన్‌కే వచ్చింది. అత్తగారికి ఫోన్‌లో మాట సరిగ్గా వినపడదు. కళ్లజోడమ్మ గొంతెత్తి "నాలుగు! తొమ్మిది! తొమ్మిది! రెండు!" అని చదివింది. పెద్దాయన బోర్డుకేసి చూశారు, కళ్లు చికిలించారు, ముందుకు వంగారు. చివరికి భయంభయంగా, "అమ్మా, నాకక్కడ అక్షరాలే కనిపిస్తున్నాయి, నువ్వు చెప్పే అంకెలు ఒక్కటీ కనపడట్లేదు, నా కళ్లు పోయినట్టేనా?" అన్నారు. ఆయన్ని ఊరడించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. యజమాని తెర పక్కకు తీసి, ఇంటి వ్యవహారాలు ఇంటి దగ్గర పెట్టుకొమ్మని ఆ పెద్దాయన ముందే చెప్పి వెళ్లాడు. ఆ మాట అన్నవాడు అరగంట కిందటే, స్కూటరు తాళం ఎక్కడ పెట్టానో చెప్పమని ఇంటికి ఫోన్ చేసి భార్యను విసిగించాడు. కళ్లజోడమ్మకు ఒళ్లు మండింది. మండినా నవ్వొచ్చింది, ఆ రెండూ ఆమెకు ఒకేసారి వస్తాయి.

శనివారాలు వచ్చాయి. మొదటి శనివారం సాయంత్రం ఆమె బాణలి ముందు నిలబడి వేడివేడిగా బజ్జీలు వేయించింది, తిన్నవాళ్లు ఇంకా కావాలన్నారు. రెండో శనివారం అల్మరా సర్దింది. మూడో శనివారం లాయరమ్మ సైన్సు రికార్డు ముందేసుకుని కప్ప గుండె బొమ్మ గీసింది. "గదులు సరిగ్గా రావాలమ్మా, కప్ప గుండెకు మూడు గదులుంటాయి" అంది లాయరమ్మ పక్కనుంచి, గోళ్లరంగు ఊదుకుంటూ. కప్పకు మూడు గదులున్నాయి, నాకు ఒక్క కుర్చీ లేకుండాపోయింది అనుకుంది కళ్లజోడమ్మ. పెన్సిలు ముల్లు టప్పున విరిగింది. అప్పుడే భర్త అటుగా వస్తూ, "చూశావా, ఇప్పుడు ఎంత హాయిగా ఉందో" అన్నాడు. అతని మొహంలో వెటకారం లేదు. పెళ్లాన్ని సుఖపెట్టిన మగవాడి మొహంలో ఉండే వెలుగుంది. ఆ వెలుగు చూస్తే ఆమెకు కోపం తెచ్చుకునే దారి కూడా మూసుకుపోయింది. మంచితనంతో తీసుకుపోయినదాన్ని తిరిగి అడగడం ఎలాగో ఆమెకెవరూ నేర్పలేదు.

ఆ తర్వాతి వారంలో ఒకరోజు మధ్యాహ్నం దుకాణానికి భార్యాభర్తలిద్దరు వచ్చారు. చూపు మసకబారింది భార్యకు. కళ్లజోడమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం మార్చి, రోజూ అడిగినట్టే అడిగింది.

"ఇది బాగుందా అమ్మా, ఇందాకటిది బాగుందా?"

ఆమె తటపటాయించింది. ముక్కు మీది ఫ్రేము జారకుండా చేత్తో పట్టుకుని, మెడ తిప్పి, తలుపు దగ్గర నిలబడ్డ భర్తకేసి చూసింది.

"ఏమో. ఆయన్ని అడగండి."

ఆయన కూడా తక్కువవాడు కాదు. ముందుకొచ్చి, నడుం మీద చేతులేసుకుని, అక్షరాల బోర్డును తన కళ్లతో పరిశీలనగా చూసి, "ఇదే బాగుంది" అని తేల్చేశాడు. కళ్లజోడమ్మకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. ఆయన్ని కాస్త బయట కూర్చోమని మర్యాదగా పంపించి, ఆ కుర్చీ పక్కన వంగింది.

"అమ్మా, కన్ను మీది. చూసేది మీరు. ఆయనకెలా తెలుస్తుంది?"

ఆ మాట అనగానే అద్దం తియ్యబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది. స్టవ్ దగ్గర నిలబడి "మీ ఇష్టం" అన్న గొంతు ఆమె చెవిలో మళ్లీ వినిపించింది. భర్త అడగలేదా అంటే అడిగాడు. బోలెడు మంచి మనసుతో మూడో వేలు గాలిలో నిలబెట్టి మరీ అడిగాడు. తానే మెడ తిప్పుకుంది. కుర్చీలోని మనిషి ఈలోగా కళ్లు నులుముకుని, బోర్డుకేసి ఒంటరిగా కాసేపు చూసి, "ఇందాకటిదే నయం" అంది, కొంచెం సిగ్గుపడుతూ. ఆమె సిగ్గు చూసి కళ్లజోడమ్మకు ముచ్చటేసింది. ఆ రోజు ఇంటికి నడుస్తూ ఆమె చాలాసేపు తనలో తాను మాట్లాడుకుంది, ఎదురొచ్చినవాళ్లు తప్పుకుని వెళ్లారు.

రాత్రి భోజనాల వేళ గిన్నెలన్నీ తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. ముగ్గురూ ఆమెకేసి చూశారు. "నువ్వు కూర్చున్నావేంటి, మరి వడ్డన?" అన్నాడు భర్త. గిన్నెలు మధ్యలోనే ఉన్నాయి, గరిటెలు వాటిలోనే ఉన్నాయి, చేతులు అందరికీ ఉన్నాయని చెప్పింది. లాయరమ్మ ఏదో జరగబోతోందని గ్రహించి అన్నం తానే పెట్టుకుంది. కళ్లజోడమ్మ గొంతు సవరించుకుంది. ఎన్నోసార్లు మనసులో అనుకున్నదే అయినా, తీరా చెప్పబోయే ముందు ఒక గుక్క నీళ్లు తాగింది.

"బజారులో జనం ఉండరు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె మళ్లీ అంది. ఎప్పుడూ లేరు. మోచేతులు లేవు, క్యూ లేదు, తొక్కిసలాట లేదు. సరుకులు చిటికెలో అయిపోయేవి. మిగతా సేపంతా టీ కొట్టు దగ్గర కూర్చునేదాన్ని. భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఎవరితో?"

"ఎవరితోనూ లేదు. ఒక్కదాన్నే."

"మరి ఏం చేసేదానివి?"

"ఏమీ చేసేదాన్ని కాదు. అందుకే వెళ్లేదాన్ని."

అతని మొహం చిన్నబోయింది. మోసపోయానన్న కోపం కన్నా, తాను కొనిచ్చిన సుఖం వెనక్కి వచ్చేసిందన్న బాధే అందులో ఎక్కువగా ఉంది. కూర్చోవాలంటే ఇంట్లో కూర్చోకూడదా, కుర్చీలకేం కరువని గొణిగాడు. ఇంట్లో నేను ఊరికే కూర్చోగా మీరెప్పుడు చూశారో చెప్పండి అంది ఆమె. అతను నిజాయితీ గల మనిషి. ముద్ద కంచంలో పెట్టి, పైకి చూస్తూ ఆలోచించాడు. లాయరమ్మ కూడా ఆలోచించింది. ఒకసారి జ్వరమొచ్చినప్పుడు అని మొదలెట్టి, అప్పుడు పడుకుందిలే అని తానే కొట్టేసుకుంది. భర్తకు ఏదీ గుర్తురాక, ఎప్పట్లాగే తల్లివైపు తిరిగాడు.

"చూశావా అమ్మా, ఇన్నేళ్లూ మనకి ఎంత కథ చెప్పిందో."

అత్తగారు మజ్జిగ గ్లాసు తీసుకుని నెమ్మదిగా తాగారు. ఆవిడ మాటలు కొంచెం కరుకు, అల్మరా మీద దుమ్ము ఆవిడ కంటికి వెంటనే కనిపిస్తుంది. ఇక తనకు మూడిందనే అనుకుంది కళ్లజోడమ్మ.

"నీకు గుర్తుందిరా," అన్నారావిడ, "నేను పిండిమరకు వెళ్తే ఎంతసేపటికి వచ్చేదాన్నో?"

ఎందుకు గుర్తులేదు, చీకటిపడేదాకా వచ్చేదానివి కాదు అన్నాడు కొడుకు. ఆకలేసి గుమ్మంలో కూర్చునేవాణ్ని. పిండిమర దగ్గర ఎప్పుడూ...

అని ఆగిపోయాడు.

"ఒకటే జనం," అన్నారు అత్తగారు. గ్లాసు బల్ల మీద పెట్టారు. "మీ నాన్న జాలిపడి చిన్న మర కొని ఇంట్లోనే పెట్టించాడు. వీధి వీధంతా వచ్చి చూసి, ఎంత అదృష్టవంతురాలివో అన్నారు. అదృష్టమే కాబోలని నేనూ అనుకున్నాను. ఆ మరని చూస్తే మాత్రం ఎందుకు ఏడుపొచ్చేదో ఇవాళ్టిదాకా నాకే తెలియలేదు."

కళ్లజోడమ్మ అత్తగారికేసి చూసింది. ఇన్నేళ్లుగా ఒకే వంటింట్లో ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ తిరిగిన మనిషి ఈవిడేనా అనిపించింది. భర్త అటు తల్లినీ ఇటు భార్యనూ చూశాడు. ఎప్పుడు పెట్టాడో ఏమో, అతని ఎడమచెయ్యి బల్ల మీద ఉంది, రెండు వేళ్లు ముడిచి. మూడో వేలును మెల్లిగా ముడిచి, ఇది ఆ రోజు లెక్కలోకి రాలేదే అన్నాడు, పాపం ఎటూ తోచక. లాయరమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో అందరికీ ఊపిరాడింది.

తర్వాత బేరం సాగింది. ఈసారి కళ్లజోడమ్మ మెడ తిప్పలేదు. యాప్ తీసెయ్యమని ఆమె అనలేదు. బస్తాలు మోసే సరదా ఆమెకు లేదు, భుజం తేలికపడిన మాట నిజం. యాప్ ఉంటుంది, కానీ అది మీ ఫోన్‌లో ఉంటుంది అంది భర్తతో. ఇంట్లో ఏముందో నాకేం తెలుసని అతను బెంబేలెత్తాడు.

"డబ్బాలకు మూతలుంటాయి. తీస్తే కనిపిస్తుంది."

టమాటా ఫొటోలూ, ఓటీపీలూ, దానికి బదులు ఇంకోటా అన్న ప్రశ్నలూ అన్నీ దానితోపాటే వెళ్తాయని చెప్పింది. శనివారం సాయంత్రం మాత్రం నాది, దాన్ని ఎవరూ దేనికీ వాడుకోకూడదు అంది. అన్నాక కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టుకుంది. ఆ రాత్రి ఆమెకు బాగా ఆకలేసింది.

శనివారం వచ్చింది. భర్త మొదటి ఆర్డరు ఆ సాయంత్రమే రావాలి. వారమంతా అతను దానిమీదే ఉన్నాడు, ఫ్యాక్టరీలో యంత్రం కొంటున్నంత దీక్షగా. కళ్లజోడమ్మ తల దువ్వుకుని, చెప్పులేసుకుని, అలవాటుకొద్దీ సంచులు చేతిలోకి తీసుకుంది. తర్వాత వాటిని మళ్లీ మేకుకు తగిలించింది. ఊగే చేతులతో గుమ్మం దాటడం వింతగా ఉంది, ఏదో మరిచిపోయినట్టు. వెనక నుంచి దగ్గు వినిపించింది. అత్తగారు బయటికెళ్లే చీర కట్టుకుని, చేతికర్రతో నిలబడి ఉన్నారు.

"నేనూ రావచ్చా అమ్మాయ్?"

కళ్లజోడమ్మ మనసు ఒక్క క్షణం ముడుచుకుంది, కాదంటే అబద్ధమవుతుంది. ఆ ముడుచుకోవడం పెద్దావిడ కంట పడింది. దుమ్ము కనిపెట్టే కళ్లు కదా.

"నీ పక్కన కూర్చోనులే. ఇంకో కుర్చీలో కూర్చుంటాను. నేను నిన్నేమీ అడగను, నువ్వూ నన్నేమీ అడగకు."

కళ్లజోడమ్మకు నవ్వొచ్చింది. చెయ్యి అందించి మెట్లు దింపింది.

టీ కొట్టు ఎక్కడికీ పోలేదు. రేకు కప్పు కింద నాలుగు కుర్చీలూ ఉన్నాయి, చివరిదానికి చెయ్యి ఇంకా విరిగే ఉంది. టీ అక్క ఆమెను చూసి, ఇన్ని వారాలుగా ఏమైపోయావని అడగలేదు. కొత్తమనిషి ఎవరనీ అడగలేదు. రెండు గ్లాసులిచ్చింది. అత్తగారు గోడకు ఆ చివర, కోడలు ఈ చివర, మధ్యలో రెండు ఖాళీ కుర్చీలు. పెద్దావిడ చెప్పుల్లోంచి పాదాలు తీసి నేల మీద ఆనించి, అబ్బ అనుకున్నారు. తర్వాత ఇచ్చిన మాట నిలబెట్టుకుని ఒక్క ముక్క మాట్లాడలేదు. వీధిలో ఎండ తగ్గింది. ఒక పళ్లకొట్టతను తన స్టూలు మీద కునికిపాట్లు పడుతున్నాడు. చెప్పు కరిచిన మనిషొకామె కుంటుతూ వెళ్తుంటే అత్తాకోడళ్లిద్దరూ ఆమె పాదాలనే చూసి, తర్వాత ఒకరినొకరు చూసుకుని, చప్పున తలలు తిప్పుకున్నారు.

ఫోన్ మోగింది. బంగాళాదుంపలు లేవు కాబట్టి దాన్ని దాచడానికి చోటు దొరకలేదు. భర్త. సరుకులొచ్చాయట. తీరా విషయం ఏమిటంటే, అతను పద్ధతి తప్పని మనిషి కనక అన్నింటిలోనూ మూడేసి కంపెనీలవి తెప్పించాడు. మూడు రకాల ఉప్పు, మూడు రకాల కందిపప్పు, గిన్నెలు తోమే సబ్బు మూడు రకాలు. పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే వచ్చే వారానికి ఏది బాగుందో తేలుతుందట. గట్టంతా నిండిపోయింది, ఇవన్నీ ఎక్కడ సర్దాలి అని అడిగాడు. మీకు ఎక్కడ బాగుంటుందో అక్కడ అంది కళ్లజోడమ్మ. అవతల లాయరమ్మ పగలబడి నవ్వడం వినిపించింది. ఆ నవ్వు ఆగాక అతను, ఇంకా రాలేదేమిటన్నాడు. ఏళ్లనాటి అలవాటు కదా, ఆ తర్వాతి మాట అతని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"జనం ఎక్కువగా ఉన్నారా?"

ఆమె నాలుక మీదికి పాత మాట వచ్చి కూర్చుంది. ఆమె వీధికేసి చూసింది. కునికే పళ్లకొట్టతన్ని, ఖాళీ కుర్చీల్ని, గోడకానుకుని కళ్లు మూసుకున్న అత్తగారి మొహాన్ని తన కత్తిలాంటి చూపుతో తీరిగ్గా చూసుకుంది.

"లేరండీ. ఇక్కడెవరూ లేరు" అంది. "అందుకే ఇంకాసేపు కూర్చుంటాం."

ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. గోడకు ఆ చివర అత్తగారు కళ్లు తెరవకుండానే ఖాళీ గ్లాసును టీ అక్కకేసి చాచారు.